యాభై దాటిన స్త్రీ దవడ

సర్టిఫికెట్టు మొత్తం పది లైన్లు. ఏడో లైనుకి వచ్చేసరికి జకరయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరమ్మా రాసింది?" అన్నాడు.

"గవర్నమెంటు డాక్టరుగారు బాబాయ్. కృష్ణమూర్తిగారంట," అంది రత్నకుమారి. "అందులో ఏముందో మా వకీలుగారు చదివి చెప్పారు. యాభై దాటిన ఆడమనిషి దవడంట."

"కృష్ణమూర్తా!"

ఆ పేరు విన్నాక కోపం ఇంకో మెట్టెక్కింది. తెలియనివాడు తప్పు రాస్తే పోనీలే, తెలియక రాశాడనుకోవచ్చు. ఈ కృష్ణమూర్తి చదువుకునే రోజుల్లో దవడ ఎముకని ఎటు తిప్పి పట్టుకోవాలో నేర్పింది జకరయ్యే.

జకరయ్య డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక మెడికల్ కాలేజీలో శవాలు కోసే హాలుకి అటెండరు. కృష్ణా, గోదావరి జిల్లాల ఆసుపత్రుల్లో పోయి, తీసుకెళ్ళేవాళ్ళు లేక మిగిలిపోయిన శవాలు అక్కడికి వచ్చేవి. కుర్రాళ్ళు కోసి చదువుకున్నాక ఆ ఎముకలు ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టి, నంబరు వేసి బీరువాలో సర్దడం ఆయన పని. ఆ పని ఆయనకే ఎందుకు వచ్చిందంటే ఇంకెవరూ ముట్టుకోరు కనక. ఉద్యోగం ఇచ్చిన రోజున "మీవాళ్ళకి ఇవన్నీ అలవాటేగా" అన్నారు కూడా. ముట్టుకోవడానికి అసహ్యించుకున్నవాళ్ళు పుస్తకాలు బట్టీపట్టి డాక్టర్లయ్యారు. ముట్టుకున్నవాడు అటెండరుగా చేరి అటెండరుగానే దిగిపోయి, బందరు వచ్చి రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు.

ఒక ప్రొఫెసరుగారు మాత్రం వేరే రకం మనిషి. "జకరయ్యా, మన పుస్తకాల్లో కొలతలన్నీ ఇంగ్లండువాళ్ళవి. మనవాళ్ళ దవడలు ఎవరూ కొలవలేదు, మనం కొలుద్దాం" అని ఒక ఇత్తడి కాలిపర్సు, అంటే రెండు కాళ్ళున్న కొలత పుల్ల, చేతికిచ్చి కొలవడం నేర్పారు. వయసెంతో, ఆడో మగో ఆసుపత్రి చీటీలో స్పష్టంగా రాసి ఉన్న శవాలవే కొలవాలి, ఊహించి రాయకూడదు. పన్నెండేళ్ళలో మూడు వందల పన్నెండు దవడలు కొలిచారు. ఆ తర్వాత ప్రొఫెసరుగారు బదిలీ మీద వెళ్ళి, అక్కడే పోయారు. అచ్చు వేస్తానన్న వ్యాసం అచ్చు కాలేదు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ జకరయ్య ట్రంకు పెట్టెలో ఉంది.

రత్నకుమారి ఆయనకి వరసకి కూతురు. దివిసీమలో కోడూరు అవతల ఒక పాలెం. ఆవేళ అత్తగారు కోటమ్మని వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చింది. కోటమ్మకి అరవై దాటాయి. అరుగు మీద చేరగిలబడి కూర్చుని, కోడలు చెబుతున్నంతసేపూ వీధిలోకి చూస్తూ ఉండిపోయింది.

రత్నకుమారి భర్త ఏసుబాబు. కోతలయ్యాక కళ్ళాల్లో ధాన్యం గోతాల మూతులు కుట్టే పని అతనిది. వాళ్ళ పాలెం పక్కన ఏట్లో ఒక లంక ఉంది. సర్కారు ఆ లంకని కూలివాళ్ళకి పట్టాలిచ్చి మూడేళ్ళయింది కానీ, దున్నుకుంటున్నది మాత్రం ఊరి కామందే. ఏసుబాబు ముప్ఫై కుటుంబాలని కూడగట్టి, పట్టా కాగితాలు చంకన పెట్టుకుని, లంకలోకి నాగళ్ళు దింపాడు. నాలుగో రోజున మనిషి కనపడలేదు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్ళు. ఎవరో ఆడదానితో గుడివాడ లేచిపోయి అక్కడ రైసు మిల్లులో పని చేస్తున్నాడని కామందు మనుషులు ఊరంతా చాటారు. రత్నకుమారి గుడివాడ వెళ్ళి తొమ్మిది రోజులు మిల్లు మిల్లుకీ తిరిగింది. తిరిగొచ్చేసరికి ఆదివారం ప్రార్థనకి గుళ్ళో పక్కన కూర్చునేవాళ్ళు కొంచెం ఎడంగా జరిగారు. నాగళ్ళు లంకలోంచి వెనక్కి వచ్చేశాయి.

రెండేళ్ళ తర్వాత, మొన్న ఎండాకాలం, కామందు చేల వెనక మురుగు కాలవ పూడిక తీస్తుంటే పారకి ఒక కింది దవడ తగిలింది. మిగతా మనిషిని కాలవ ఎటు తీసుకుపోయిందో తెలియదు. కోటమ్మ ఆ దవడని చూసి అక్కడే చతికిలబడిపోయింది. ముందుపళ్ళు రెంటి మీదా గాడి ఉంది. ఏసుబాబు పురికొసని పళ్ళతో బిగించి పట్టుకుని గోతాలు కుట్టేవాడు. పదమూడో ఏటినుంచీ అదే పని. కొస పట్టి పట్టి పళ్ళు కోసుకుపోయాయి.

భర్తని చంపించాడని కామందు మీద రత్నకుమారి కోర్టులో ఫిర్యాదు వేసింది. ఇప్పుడీ సర్టిఫికెట్టు వచ్చింది. అక్కడెప్పుడో పాత శ్మశానం ఉండేదనీ, ఏ ముసలమ్మ ఎముకో కొట్టుకొచ్చిందనీ కామందు తరఫువాళ్ళు వాదిస్తున్నారు. ఆ దవడ ఏసుబాబుదని తేలకపోతే కేసు కొట్టేస్తారు. అతను లేచిపోయినవాడిగానే మిగిలిపోతాడు. లంక కామందుకే మిగిలిపోతుంది.

"నాకు ఆయన్ని ఆయన పేరుతో పాతిపెట్టుకోవాలనుంది బాబాయ్," అంది రత్నకుమారి. "లేచిపోయినవాడి పెళ్ళాన్ని కాను నేను."

జకరయ్య లేచి ట్రంకు పెట్టె తెరిచాడు.

వకీలు అర్జీ పెట్టి ఎముకని చూసే అనుమతి తెచ్చాడు. కోర్టు గుమాస్తా పిచ్చేశ్వరరావు బీరువా తాళం తీసి, చెక్కపెట్టెని బల్ల చివర పెట్టి, పైపంచె అంచు ముక్కుకి అడ్డంపెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. రెండేళ్ళు బురదలో నానిన ఎముకకి వాసనేం ఉంటుంది? జకరయ్యకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

దవడ వెనక చివర చెవి వైపుకి నిలువుగా లేస్తుంది. ఆ నిలువు ఎత్తు కొలిచాడు. యాభై ఏడు మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచినా యాభై ఏడే. సర్టిఫికెట్టులోనూ అంతే ఉంది. కృష్ణమూర్తి కొలవడంలో తప్పు చెయ్యలేదు. ఇంగ్లీషు పుస్తకంలో మగవాళ్ళ సగటు అరవై మూడు, ఆడవాళ్ళది యాభై ఏడు. అందుకని ఆడది అని రాసేశాడు. జకరయ్య నోటుబుక్కులో మన మగవాళ్ళ సగటే యాభై ఏడు, ఆడవాళ్ళది యాభై ఒకటి. ఇంగ్లండులో రొట్టే మాంసమూ తిన్నవాడి దవడ తెచ్చి, దివిసీమలో గంజి తాగి పెరిగినవాడి దవడ పక్కన పెట్టి, నువ్వు చిన్నగా ఉన్నావు కాబట్టి మగవాడివి కాదు పొమ్మంటే ఎలా? పైగా దవడ మూలలు బయటికి విచ్చుకుని ఉన్నాయి, గడ్డం పలకగా ఉంది. ఇవి మగవాడి గుర్తులని పుస్తకంలోనూ ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు.

వయసు సంగతి ఇంకా ఘోరం. ముందుపళ్ళు అరిగాయి కాబట్టి యాభై దాటాయట! ఆ అరుగుదల పురికొసది, వయసుది కాదు. వెనకపళ్ళ మొనలు ఇంకా కరుగ్గా ఉన్నాయి. అన్నిటికంటే చివర వచ్చే జ్ఞానదంతం నిన్నగాక మొన్న పైకి వచ్చినట్టుంది. ఇరవై అయిదు, ఇరవై ఆరు, అంతకంటే ఉండదు.

"అయిందా?" అన్నాడు పిచ్చేశ్వరరావు ముక్కు మీది పంచె తియ్యకుండానే.

"నా పని అయిందండీ," అన్నాడు జకరయ్య.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి గది ముందు నిలబడ్డాడు. కృష్ణమూర్తి చూసి గుర్తుపట్టాడు, నవ్వాడు, "బాగున్నావా జకరయ్యా" అన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు. జకరయ్య నిలబడే నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాడు.

"పరీక్షప్పుడు మీకు చెప్పాను, గుర్తుందా బాబూ? ముందుపళ్ళతో మనిషి పని చేస్తాడు, వెనకపళ్ళతో తిండి తింటాడు, వయసు చెప్పాలంటే తిండి తినే పళ్ళు చూడమన్నాను. మీకు మార్కులొచ్చాయి."

కృష్ణమూర్తి పేజీలు తిప్పాడు. అయిదు నిమిషాలు తిప్పాడు. అతనికి అర్థమైందని జకరయ్యకి తెలిసిపోయింది. మొహంలో నవ్వు పోయింది.

"ఇది అచ్చయిన పుస్తకం కాదు జకరయ్యా. రేపు బోనెక్కించి ఏ ఆధారంతో రాశావయ్యా అంటే నేను పుస్తకం చూపించాలి. అటెండరు నోటుబుక్కు చూపించనా?"

"చూపించండి. అందులో అబద్ధం ఒక్కటుంటే నన్ను కొట్టండి."

"సంతకం పెట్టేశాను. ఇప్పుడు మారిస్తే నా ఉద్యోగానికి మచ్చ."

"సంతకం మీది బాబూ, దవడ ఏసుబాబుది. మీకు మచ్చ పడుతుందని వాడు ఆడదైపోవాలా?"

కృష్ణమూర్తి కిటికీలోంచి బయటికి చూస్తూ, రోగులు కాచుకుని ఉన్నారన్నాడు.

విచారణ రోజున కోర్టు హాలు నిండిపోయింది. కామందు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. జకరయ్య బోనెక్కాడు. కామందు వకీలు గొంతు సవరించుకున్నాడు.

"ఏం చదివావు?"

"నాలుగో తరగతి."

"ఉద్యోగం?"

"మెడికల్ కాలేజీలో అటెండరు."

"అంటే హాలు ఊడ్చేవాడివి."

"ఊడ్చాను. కడిగాను. దవడలు కొలిచాను కూడా."

హాల్లో నవ్వారు. వకీలు నోటుబుక్కుని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. "ఇది ఎక్కడైనా అచ్చయిందా?"

"కాలేదు."

"ఎవరైనా డాక్టరు సంతకం చేశారా?"

"కొలిపించినాయన లేరండి. కొలిచినోణ్ణి నేనున్నాను."

మళ్ళీ నవ్వారు. నాలుగో తరగతివాడు డాక్టరుగారి తప్పులు దిద్దుతున్నాడని వకీలు అన్నాడు, కామందు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. జకరయ్యకి తల కొట్టేసినట్టయింది. అయినా ఆశ చావలేదు. తర్వాత బోనెక్కేది కృష్ణమూర్తి. నిజం తెలిసినవాడు. ప్రమాణం చేసి మరీ నిలబడ్డాడు.

కృష్ణమూర్తి నీళ్ళు నమిలాడు. దవడ స్త్రీదే కావచ్చునన్నాడు, పురుషుడిది కూడా కావచ్చునన్నాడు. వయసు యాభై దాటి ఉండవచ్చునన్నాడు, దాటకపోయి కూడా ఉండవచ్చునన్నాడు. ఆ అటెండరు కొలతల మీద మీ అభిప్రాయమేమిటని అడిగితే, పరిశీలించదగినవే కానీ ప్రామాణికం కావు అన్నాడు.

పచ్చి అబద్ధం ఆడినా ఇంతకంటే నయం. అబద్ధాన్ని నిలదీసి బయటపెట్టొచ్చు. ఈ అటూ ఇటూ కాని మాటని ఏ మూల పట్టుకుంటావు? తన ఉద్యోగానికీ మచ్చ రాకూడదు, తన మనస్సాక్షికీ దెబ్బ తగలకూడదు. మధ్యలో ఏసుబాబు ఏమైపోయినా సరే! ఎముక ఎవరిదో రుజువు కాలేదని మేజిస్ట్రేటు మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు కొట్టేశారు. కామందు నవ్వుతూ బయటికి నడిచాడు.

రత్నకుమారి ఏడవలేదు. గుమాస్తా గదికి వెళ్ళి ఎముకని ఇమ్మని అడిగింది. జకరయ్య వెనకే వెళ్ళాడు. సాక్షిగా వచ్చినట్టు హాజరు చీటీ రాయించుకోవడానికి కృష్ణమూర్తి కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. కోటమ్మ గుమ్మం బయట వరండాలో కూర్చుంది.

పిచ్చేశ్వరరావు చెడ్డవాడు కాదు. చట్టం చెబుతూనే జాలిపడగల మనిషి.

"చూడమ్మాయ్, నీ మొగుడిదని రాసి ఇవ్వడానికి నాకు అధికారం లేదు. కోర్టు తేల్చలేదుగా. బంధువులెవరూ తీసుకెళ్ళకపోతే దీన్ని మెడికల్ కాలేజీకి పంపించేస్తారు. ఒక పని చెయ్యి. సర్టిఫికెట్టులో యాభై దాటిన స్త్రీ అని ఉందిగా, మా అత్తగారు కోటమ్మ ఎముక అని వేలిముద్ర వేసి పట్టుకెళ్ళు. నీకు కావలసింది పాతిపెట్టుకోవడమేగా. కాగితం మీద ఏముంటే నీకేం?"

ఆ వేలిముద్ర పడితే ఇది ఏసుబాబు కాదని ఏసుబాబు పెళ్ళామే ఒప్పుకున్నట్టు. ఇక పైకోర్టుకి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది. అంతకంటే ఇంకో సంగతి జకరయ్యని పట్టి కుదిపింది. తను కొలిచిన మూడు వందల పన్నెండు మందికీ ఎవరూ లేరనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాళ్ళలో ఎంతమంది కోసం ఎవరు వచ్చి, ఏ గుమాస్తా బల్ల ముందు నిలబడి, ఒట్టి చేతులతో వెనక్కి వెళ్ళారో!

"ఎవరి పేరు రాస్తారంట?" గుమ్మం దగ్గర్నించి కోటమ్మ గొంతు వినిపించింది. లేచి లోపలికి వచ్చింది.

"నీ పేరేనమ్మా. కాగితం మీద మాత్రమే," అన్నాడు పిచ్చేశ్వరరావు.

"నేను చచ్చిపోయానా?"

"అది కాదమ్మా..."

"మరేంటి? యాభై దాటిన ఆడదాన్ని నేను ఇక్కడ నిలబడే ఉన్నాను. నాకు అరవై దాటాయి. నా దవడ నా మొహానికే ఉంది. నా కొడుకుని నేనని రాసి నాకే ఇస్తారా? ఆ కొలత పుల్ల పట్టుకునొచ్చి కొలువు తమ్ముడూ! ఈళ్ళందరూ చూస్తుండగా కొలువు!"

గుమాస్తా స్టూలు లాక్కుని కిటికీకి ఎదురుగా కూర్చుంది. ఒక్క ముసలమ్మని కొలిస్తే ఏదీ రుజువు కాదని జకరయ్యకి తెలుసు. కానీ మూడు వందల పన్నెండు కొలతల్ని చూసి నవ్వినవాళ్ళకి ఒకటి చాలదని చెప్పే ఓపిక ఆయనకి లేదు. కాలిపర్సు తీసి చెవి ముందునుంచి దవడ మూల దాకా పెట్టాడు.

"చర్మంతో కలిపి యాభై రెండు," అన్నాడు గట్టిగా, వరండాలో వాళ్ళకి కూడా వినపడేలా. "లోపల ఎముక అంత కూడా ఉండదు. పెట్టెలోది ఒట్టి ఎముకే యాభై ఏడు."

"పళ్ళు కూడా చూడండి," అని కోటమ్మ కృష్ణమూర్తి వైపు తిరిగి నోరు తెరిచింది. "నువ్వే చూడు నాయనా. చదువుకున్నోడివి."

కృష్ణమూర్తి కదల్లేదు. కోటమ్మ నోరు మూయలేదు. తల్లి వయసు మనిషి అలా నోరు తెరుచుకుని ఎంతసేపు కూర్చుంటుంది? చివరికి అతనే వచ్చి వంగి చూశాడు. వెనకపళ్ళు పీటల్లా చదునుగా అరిగిపోయి ఉన్నాయి. అరవై ఏళ్ళు మట్టిబెడ్డలున్న నూకలు నమిలిన పళ్ళు. వెనక్కి తిరిగి పెట్టెలో దవడ చూశాడు. దాని వెనకపళ్ళ మీద వేలు పెట్టాడు. మొనలు వేలికి గుచ్చుకున్నాయి కాబోలు, వేలు తీసేశాడు.

"జేబులో పెన్నుందిగా. రాయి నాయనా," అంది కోటమ్మ.

కృష్ణమూర్తి తెల్లకాగితం అడిగాడు. పిచ్చేశ్వరరావు ఇచ్చాడు. నిలబడే రాశాడు. మొదటి సర్టిఫికెట్టు పొరపాటనీ, ముందుపళ్ళ అరుగుదల వృత్తి వల్ల వచ్చిందనీ, వయసు ఇరవై అయిదు ప్రాంతమనీ, దవడ పురుషుడిది కావచ్చుననీ. జకరయ్య అతని భుజం మీదనుంచి చదువుతున్నాడు.

"ఆ ‘కావచ్చు’ కొట్టెయ్యండి బాబూ."

కృష్ణమూర్తి తలెత్తి చూశాడు. జకరయ్య చూపు తిప్పుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ డాక్టరునీ ఆయన అలా చూసి ఎరగడు. కృష్ణమూర్తి ఆ మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కాగితం ఇచ్చేశాడు. జకరయ్య అతనికి దండం పెట్టలేదు. రెండు గంటల కిందట బోనులో పలకని నిజానికి ఇప్పుడు దండమెందుకు?

"ఇప్పుడిదెందుకండీ, ఆర్డరైపోయిందిగా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

"పైకోర్టుకి," అంది రత్నకుమారి. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

పిచ్చేశ్వరరావు పెట్టెని ఆమె వైపు జరిపాడు. "పోనీలే. డాక్టరుగారే మగవాడిదని రాశారు కాబట్టి నేను తెగిస్తాను. ఏసుబాబు, భర్త, అని రాస్తా. తీసుకెళ్ళి పాతిపెట్టుకో తల్లీ."

రత్నకుమారి పెట్టె మీద చెయ్యి వేసింది. దవడ దొరికినప్పటినుంచీ ఆమె కోరుకున్నది అదే. మూత తీసి చూసింది. గాడి పడ్డ పళ్ళ మీద బొటనవేలు ఒకసారి ఆనించి, మూత పెట్టి, పెట్టెని తిరిగి గుమాస్తా వైపు నెట్టింది.

"వద్దండీ. ఇది పాతేస్తే కామందు కంటే సంతోషించేవాడు లేడు. రెండేళ్ళు వాడి కాలవలో ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు మీ బీరువాలో ఉంటాడు. పేరు మాత్రం రాయండి. ఏసుబాబు అని రాసి తాళం వెయ్యండి."

పిచ్చేశ్వరరావు చీటీ మీద పేరు రాసి పెట్టెకి కట్టాడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం పడిందో లేదో రత్నకుమారి తనే లాగి చూసింది.